పద్మశ్రీ కొట్టిన రెండో దెబ్బ

పద్మశ్రీ మొదటిసారి మనిషిని కొట్టినప్పుడు ఆమెకు పదమూడేళ్ళు. కొట్టింది కన్నతండ్రిని.

ఆదిబాబు సోంపేట దగ్గరి పల్లె నుంచి జంషెడ్‌పూర్ వచ్చి, ఉక్కు కొలిముల్లో ఇటుకలు పేర్చే కాంట్రాక్టు ముఠాలో చేరిన మనిషి. పగలంతా వేడికి మాడి, సాయంత్రం తాగి, బారిడీహ్‌లోని రెండు గదుల ఇంటికి వచ్చి భార్య రత్నాన్ని కొట్టేవాడు. చేతికి ఏది దొరికితే దానితోనే. రత్నం అరిచేది కాదు. మోకాళ్ళ మీద కూలబడి రెండు అరచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకునేది. దెబ్బలన్నీ చేతుల మీద పడేవి. ఆమె కుడిచేతి చిటికెనవేలు ఇప్పటికీ వంకరగానే ఉంటుంది.

ఆ రోజు బడి నుంచి వచ్చిన పిల్ల, గుమ్మంలో సంచీ పడేసి, గట్టు మీదున్న కుక్కర్ మూత తీసి తండ్రి చెవి మీద కొట్టింది. చెవి తెగి రక్తం మెడ మీదుగా కారింది. ఆదిబాబు గోడకు చేరబడి కూతుర్ని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఆమె కళ్ళెదుట ఎప్పుడూ భార్య మీద చెయ్యి ఎత్తలేదు. పిల్ల బడికి వెళ్ళిన వేళ చూసుకొని కొట్టేవాడు. ఆ సంగతి పద్మశ్రీకి చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. అప్పటికి ఆమె నేర్చుకున్నది మాత్రం ఒకటే. కొడితే ఆగుతుంది.

పంతొమ్మిదో ఏట, నిండుగా ఉన్న టెంపోలో తొడ మీద చెయ్యి వేసినవాడి నోటిని స్టీలు టిఫిన్ డబ్బాతో కొట్టింది. రెండు పళ్ళు వాడి ఒళ్ళోనే పడ్డాయి. హార్డ్‌వేర్ కోర్సు ముగించి సాక్చీలో ఒక రిపేరు కొట్టులో చేరితే, యజమాని ఒక నర్సు కంప్యూటర్లోని మంచి ర్యామ్ పీకి పాతది పెడుతుండగా చూసింది. "తిరిగి పెట్టండి సార్," అంది. అతను నవ్వాడు. జుట్టు పట్టుకొని తల కౌంటరుకేసి కొట్టింది. ఉద్యోగం పోయింది. పెళ్ళి సంబంధాలు రెండు వచ్చాయి గాని, ఈ కథలు విని ఊరి శివార్లోని గమ్హరియా దాటకుండానే వెనక్కి పోయాయి. ఆమె బాధపడలేదు. ఎవరినైనా కొట్టిన రోజున తనకు నిద్ర బాగా పడుతుందని ఒకసారి తల్లితోనే చెప్పింది.

ఇరవై ఎనిమిదో ఏట సాక్చీ బజారులోనే, ఒక మేడ మెట్ల కింద ఆరడుగుల చోటు అద్దెకు తీసుకుంది. ఆటల కంప్యూటర్లు కూర్చడం ఆమె పని. సామాన్లు అమ్మేది కాదు. ఏవి కొనాలో రాసిచ్చి, కొని తెచ్చాక బిగించేది. కమీషన్ ఎవరి దగ్గరా తీసుకోకపోవడంతో పక్క దుకాణాలవాళ్ళకు ఆమె కంట్లో నలుసు. కొనేవాళ్ళు మాత్రం కద్మా నుంచీ ఆదిత్యపూర్ నుంచీ వెతుక్కుంటూ వచ్చేవారు.

మొన్నటి వైశాఖంలో సీతారాం అలాగే వచ్చాడు. టాటానగర్ రైల్వేలో ట్రాక్‌మన్. ఎండలో పట్టాల వెంట నడిచి నడిచి నల్లబడ్డ మనిషి. చేతిలో మడత పెట్టిన కాయితం, సంకలో ఒక అట్టపెట్టె.

"అమ్మా పద్మా, మా హాసిని ఆటలాడతాది. తుపాకీల ఆట. కాలేజీ జట్టులో దానిదే ముందు పేరంట. నాగేంద్రబాబు గారి షాపులో ఈ లిస్టు రాసిచ్చినారు. ఓపాలి సూడు తల్లీ."

పద్మశ్రీ కాయితం చదివి పెన్ను తీసింది.

"ఏటి బాబాయ్ ఇది? ఈ పై మెట్టు ప్రాసెసర్ ఏటికి? మీ పాప సినిమాలు గాని ఎడిటింగ్ సేత్తాదా?"

"లేదమ్మా, ఆటే."

"అయితే ఆరు కోర్లది సాలు." గీత కొట్టింది. "నీళ్ళతో సల్లబరిసే కూలర్ వద్దు, ప్రాసెసర్ డబ్బాలోనే ఫ్యాన్ వత్తాది. ర్యామ్‌కి రంగు లైట్లు ఎందుకు? లైట్లు ఎలిగినంత మాత్రాన గురి కుదరదు. ఒకటే పెద్ద ర్యామ్ రాసేడు, రెండు సిన్నవి జతగా కొను, జోరుగా నడుత్తాది. మదర్‌బోర్డు ఇంత ఖరీదుది అక్కర్లేదు. కాపోతే ఇక్కడ సూడు." పెన్ను ఒక చోట ఆపింది. "పవర్ సప్లై. అన్నీ ఖరీదైనవి రాసి, ఇది మట్టుకు పేరు లేని డబ్బా రాసేడు. ఇక్కడ కక్కుర్తి పడకూడదు బాబాయ్. ఇది పేలిందంటే మిగతావన్నీ దాంతో పోతాయి."

లక్షా పదివేల లిస్టు అరవై ఐదువేలకు దిగింది. సీతారాం ముఖం వెలగలేదు. సంకలోని పెట్టె కౌంటరు మీద పెట్టాడు.

"గ్రాఫిక్స్ కార్డు నిన్ననే తీసేసుకున్నాను తల్లీ. మళ్ళీ స్టాకుండదని అన్నాడు."

ఆమె పెట్టె విప్పింది. కార్డును వెలుతురులోకి తిప్పి చూసింది. బిగింపు స్క్రూల తలల మీద స్క్రూడ్రైవర్ గీతలు. ఒకరు ముందే విప్పారన్నమాట. పక్కల నుంచి జిడ్డు నూనె చెమటలా కారి గట్టిపడి ఉంది. చిప్పుల చుట్టూ బోర్డు రంగు మాడింది. పెట్టె మీది నంబరు ఒకటి, కార్డు మీది నంబరు ఇంకొకటి.

"ఇది కొత్తది కాదు," అంది నెమ్మదిగా. "బిట్‌కాయిన్ లాంటి ఇంటర్నెట్ నాణేలు తవ్వుతారు సూడు, గమ్హరియాలో, ఆ షెడ్డుల్లో ఏళ్ళ తరబడి ఆపకుండా కాల్చిన కార్డు. కడిగి, కొత్త పెట్టెలో పెట్టి అంటగట్టేడు. ఆరు నెలలు నడిత్తే గొప్ప."

సీతారాం పెట్టె మీది నంబరు మళ్ళీ చదివాడు. "పెద్దమనిషి కదమ్మా. రామనవమి పందిరికి సందా రాయించేది ఆయనే."

"పద, ఎల్దాం," అంది పద్మశ్రీ. అప్పటికే ఆమె షట్టరు దించుతోంది.

నాగేంద్రబాబు దుకాణం అదే వీధిలో, నాలుగు కొట్లవతల. గాజు కౌంటరు, ఏసీ, గోడ నిండా వెలిగే రంగు ఫ్యాన్లు. మిట్టమధ్యాహ్నం. లోపల ముగ్గురు నలుగురు కొనేవాళ్ళున్నారు. నాగేంద్రబాబు యాభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మెడలో గొలుసు. కౌంటరు పక్కన అతని మనిషి కిషోర్ నిలబడి ఉన్నాడు.

సీతారాం రెండు చేతులతో పెట్టె ముందుకు జరిపాడు. "బాబుగారూ, పొరపాటున పాతది వచ్చినట్టుంది. మార్చి ఇవ్వండి."

"సీలు ఇప్పేసి తెచ్చి, కొత్తదాన్ని పాతదంటావేటి?"

"నంబర్లు కలవలేదు, చూసుకోండి," అంది పద్మశ్రీ, కొనేవాళ్ళందరికీ వినబడేలా. "నూనె కారతంది. గమ్హరియా షెడ్డు సరుకు."

నాగేంద్రబాబు ఆమె వైపు చూడలేదు. కార్డు తీసుకున్నాడు, తల మీదికి ఎత్తి నేలకేసి కొట్టాడు. ఫ్యాను రెక్కలు విరిగి దుకాణమంతా ఎగిరాయి. "ఇప్పుడు సూపించు, ఎక్కడుంది నంబరు," అన్నాడు.

సీతారాం ముక్కలు ఏరడానికి వంగాడు. కౌంటరు దాటి వచ్చిన నాగేంద్రబాబు అతని భుజం మీద కాలు పెట్టి తన్నాడు. సీతారాం తల కౌంటరు అంచుకు తగిలింది. గాజు భళ్ళున పగిలింది. కనుబొమ్మ చీలి, రక్తం ఒక్కసారిగా కంటిని కప్పేసింది. "అమ్మా," అన్నాడు ఆ మనిషి, చిన్నపిల్లాడిలా.

పద్మశ్రీ నాగేంద్రబాబు గొలుసు పట్టుకొని లాగి, ముక్కు మీద పిడికిలితో గుద్దింది. గొలుసు తెగింది. రెండోసారి చెయ్యెత్తేలోగా కిషోర్ పక్క నుంచి వచ్చాడు. అతని చేతిలో షట్టరు లాగే ఇనుప ఊచ ఉంది. తలకు తగలాల్సిన దెబ్బకు ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టులో ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. నొప్పి తెలియలేదు. తలతో అతని గుండెలో పొడిచింది. కిషోర్ వెనక్కి పోయి, పేర్చిన కంప్యూటర్ డబ్బాల మీద పడ్డాడు. డబ్బాలన్నీ అతని మీద కూలాయి. ఊచ దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చింది.

ఆమె ఊచ తీసుకొని తిరిగేసరికి నాగేంద్రబాబు ఇనుప స్టూలు ఎత్తి మీదికి వస్తున్నాడు. ముక్కు నుంచి రక్తం, తెల్ల చొక్కా ఎర్రబడి ఉంది. "దాన్ని సంపేత్తాను," అంటున్నాడు. ఆమె అతని భుజం మీద కొట్టింది. అది మొదటి దెబ్బ. స్టూలు జారిపోయింది. అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు అరచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అతను లేవడం లేదు. తిరిగి కొట్టడం లేదు. కొనేవాళ్ళు వాకిట్లోకి పరుగెత్తారు. "బస్ కరో, బస్!" ఇక చాలు, ఆపమని ఎవరో అరుస్తున్నారు. పద్మశ్రీకి ఆ చేతులు కనిపించాయి. ఆ భంగిమ ఎక్కడ చూసిందో కూడా తెలిసింది. తెలిసిన తర్వాతే ఊచ మళ్ళీ పైకి లేచింది.

రెండో దెబ్బ ఆ చేతుల మీద పడింది. మూడు వేళ్ళు విరిగాయి. ఆ చప్పుడు ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఊచ కింద పడేసి, పగిలిన గాజు మీదే కూర్చుంది. పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉంది. సీతారాం కండువాతో నుదురు అదుముకొని, రెండో చేత్తో ఆమె భుజం తట్టుతూనే ఉన్నాడు. ఆమె అతన్ని చెయ్యి తియ్యమంది.

ఎవరో ఫోన్లో తీసిన వీడియో ఊరంతా తిరిగింది. పదకొండు సెకన్లు. అందులో సీతారాం లేడు, స్టూలు లేదు, కిషోర్ లేడు. కూలబడి ముఖం దాచుకున్న ముసలాయన, ఊచ ఎత్తిన ఆడమనిషి, అంతే. రెండు వైపులా కేసులు పడ్డాయి. మణికట్టుకు పిండికట్టుతో ఆమె తొమ్మిది రోజులు జైల్లో ఉంది. అక్కడ ఒక్క రోజూ సరిగ్గా కన్ను మూతపడలేదు.

బెయిలు మీద ఇంటికి వచ్చిన రోజు ఆదిబాబు గుమ్మంలోనే కుర్చీ వేసుకొని ఎదురు చూస్తున్నాడు. చక్కెర జబ్బుతో ఒక కాలు మొద్దుబారి, తాగుడు మానేసి ఆరేళ్ళయింది. కూతుర్ని చూసి చప్పట్లు చరిచాడు.

"నా గుంటే, నా కూతురే! సూసినావా రత్నం? ముమ్మాటికీ నా గుంటే!"

విరిగిన మణికట్టు కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది. పద్మశ్రీ అతన్ని దాటుకొని వంటింట్లోకి వెళ్ళింది. రత్నం అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. కూతురు ఒంటిచేత్తో కలుపుకొని నాలుగు ముద్దలు తినేదాకా ఆగింది.

"పడిపోయినాక కూడా కొట్టేవంటగా?"

పద్మశ్రీ తల ఎత్తలేదు. "ఊఁ."

"సేతులు అడ్డెట్టుకున్నాడంట."

"అవునమ్మా."

రత్నం పప్పు ఇంకొంచెం వేసి, గిన్నె తీసుకొని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వారం రోజులు కూతురితో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. ఆమె ఇంత కఠినంగా ఉండగలదని పద్మశ్రీకి ముప్ఫై మూడేళ్ళలో తెలియలేదు.

కార్డు డబ్బు సీతారాంకు తిరిగి రాలేదు. ఆసుపత్రికి కొంత పోయింది. అయినా కూతుర్ని వెంటబెట్టుకొని బారిడీహ్ వచ్చాడు, నుదుటి మీద ఆరు కుట్లతో. హాసిని డిగ్రీ రెండో ఏడాది. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల. సాక్చీలో మెట్ల కింది చోటు మేడ యజమాని ఖాళీ చేయించాడు. అందుకని పద్మశ్రీ ఇంట్లోనే నేల మీద దుప్పటి పరిచి కొత్త లిస్టు రాసింది.

"ఇప్పుడు కార్డు కొనొద్దు బాబాయ్. ప్రాసెసర్ల లోపలే బొమ్మలు గీసే సత్తా ఉన్నవి వత్తన్నాయి. నీ పాప ఆడే ఆట తేలికది, దాంతోనే నడుత్తాది. పవర్ సప్లై మట్టుకు రేపటి కార్డుకి కూడా సరిపోయేది కొను. డబ్బాకి ముందు జల్లెడలాంటి జాలీ ఉండాలి, గాలి ఆడాలి. మానిటర్ మీద బొమ్మ వేగంగా మారాలి. అక్కడ తగ్గించకు, గురి చూసేది దాంట్లోనే కదా. ఏడాది తిరిగినాక మంచి కార్డు ఎక్కించుకుందాం."

బిగించేరోజు చేతులు హాసినివి, మాటలు పద్మశ్రీవి. "ప్రాసెసర్ని నొక్కకు. మూల మీద చిన్న ముక్కోణం గుర్తు చూసి, దానంతట అదే కూర్చునేలా వదులు."

"ఐసే, దీదీ?"

"అలాగే. ఇప్పుడు లివర్ దించు."

సరిగ్గా అప్పుడే బయట మోటారు సైకిల్ ఆగిన చప్పుడు, ఆ వెంటనే కిటికీ అద్దం పగిలిన చప్పుడు వినిపించాయి. రాయి దుప్పటి మీద, మదర్‌బోర్డుకు జానెడు దూరంలో పడింది. హాసిని బోర్డు మీదికి బోర్లా వంగిపోయింది. పద్మశ్రీ చేతిలోని స్క్రూడ్రైవర్‌తోనే వాకిట్లోకి పరుగెత్తింది.

ముఖాలకు గుడ్డ కట్టుకున్న ఇద్దరు మనుషులు. ఒకడి చేతిలో కర్ర. గుమ్మంలోని కుర్చీ నుంచి ఆదిబాబు కింద పడి ఉన్నాడు. కర్ర అతని వీపు మీద, మొద్దుబారిన కాలి మీద పడుతోంది. తులసికోట పక్కన రత్నం నీళ్ళ చెంబు పట్టుకొని నిలబడి ఉంది. అరవడం లేదు. కదలడం లేదు. భర్తను కొడుతుంటే ఆమె చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో ఆమెకే తెలియాలి.

అప్పుడు చెంబు విసిరింది. "దొంగనాకొడకల్లారా!" అని ఆమె వేసిన కేకకు వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. మనుషులు రావడం చూసి వాళ్ళు బండెక్కి పారిపోయారు. వెనక కూర్చున్నవాడి వీపు ఒక క్షణం పద్మశ్రీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వచ్చింది. స్క్రూడ్రైవర్ పిడికిట్లో ఉంది. చెయ్యి లేవలేదు. జాలి కాదు, భయమూ కాదు. చెయ్యి లేవలేదు, అంతే. బండి మలుపు తిరిగిపోయింది.

ఆదిబాబుకు పక్కటెముక ఒకటి చిట్లింది. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆటో ఎక్కిస్తుంటే భార్య చెయ్యి పట్టుకోబోయాడు. రత్నం చెయ్యి ఇవ్వకుండా, అతని చెప్పులు తెచ్చి ఆటోలో పెట్టి, ఎదురు సీట్లో కూర్చుంది. ఆ ఇద్దరూ ఎవరన్నది తేలలేదు. పోలీసులు వచ్చి రాసుకొని వెళ్ళారు.

సాయంత్రానికి పద్మశ్రీ, హాసిని మళ్ళీ దుప్పటి మీద కూర్చున్నారు. పిల్ల వేళ్ళ నుంచి ఒక స్క్రూ జారి బోర్డు కింద దూరింది. "డర్ లగ్ రహా హై, దీదీ," అంది.

"నాకూ భయంగానే ఉంది," అంది పద్మశ్రీ. "డబ్బాని మెల్లగా తిప్పు, స్క్రూ దానంతటదే వచ్చేస్తుంది."

వచ్చింది. అన్నీ బిగించి స్విచ్ వేస్తే, మొదటి ఊపులో తెర వెలగలేదు. ర్యామ్ ఒకటి పూర్తిగా కూర్చోలేదు. బొటనవేలితో నొక్కగానే టక్కుమని దిగింది. తెర వెలిగింది. హాసిని ఏడ్చేసింది, ఆ వెంటనే నవ్వింది.

పిండికట్టు విప్పాక పద్మశ్రీ మణికట్టు సగమే వంగింది. రోజూ పొద్దున పది గంటలకు ఆసుపత్రిలో వ్యాయామం చేయించే గదికి వెళ్ళమన్నారు. మూడో రోజు ఆమె, విడతకు నలభైసార్లు నొక్కమన్న రబ్బరు బంతి నొక్కుతూ కూర్చుంటే, నాగేంద్రబాబు లోపలికి వచ్చాడు. కుడిచేతికి పట్టీ. గదిలో రెండే కుర్చీలు ఖాళీ, రెండూ ఆమె దగ్గరే. ఒకటి వదిలి రెండోదాంట్లో కూర్చున్నాడు. అతని చేతికీ ఒక బంతి ఇచ్చారు. అతని వేళ్ళు బంతి చుట్టూ మూసుకోలేదు. నుదుటి మీద చెమట పట్టింది.

చాలాసేపు ఇద్దరూ బంతులు నొక్కుకున్నారు. చివరికి పద్మశ్రీ అతని వైపు తిరక్కుండానే అంది.

"రెండోది కొట్టడం తప్పు. మీరు పడిపోయేక కొట్టేను."

నాగేంద్రబాబు బంతి చూసుకుంటూ అడిగాడు. "మొదటిది?"

"మొదటిది తప్పు కాదు. కార్డూ పాతదే."

అతని బంతి జారి కింద పడి గోడ దాకా దొర్లింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. కాసేపటికి లోపలి నుంచి అతని పేరు పిలిచారు. తలుపు దగ్గరికి వెళ్ళి, కుడిచేత్తో గుండ్రటి పిడి తిప్పబోయాడు. వేళ్ళు పట్టలేదు. ఎడమచెయ్యి వాడాలన్న సంగతి తట్టడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. పద్మశ్రీ చూపు తిప్పుకోలేదు. తలుపు మూసుకున్నాక బంతి మళ్ళీ నొక్కింది, పదిహేనుసార్లు. ఇంకా ఇరవై అయిదు ఉన్నాయి.